ఆ పిల్ల ఇంకా ఎవరి తల్లీ కాదు

‘నేటి ఆరోగ్యవంతమైన బాలికే రేపటి ఆరోగ్యవంతమైన తల్లి.’ ఈ వాక్యాన్ని ఎక్కడో ఒకచోట చూడనివాళ్ళు మనలో ఉండరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద, అంగన్‌వాడీ తలుపు పక్కన, ఆడపిల్లల హాస్టల్ వరండాలో, మాటలు కొంచెం అటూ ఇటూ మారినా వాక్యం ఇదే. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి, ఏ వాక్యం చూసినా ఇది ఎవరు ఎవరితో మాట్లాడుతున్న మాట అని అడగడం నాకు అలవాటైపోయింది. ఈ వాక్యం ఆడపిల్లతో మాట్లాడటం లేదు. ఆమె ఎదురుగా నిలబడి, ఆమె భుజం మీదుగా, ఇంకా పుట్టని, అసలు పుడుతుందో లేదో తెలియని ఒక బిడ్డతో మాట్లాడుతోంది. పద్నాలుగేళ్ళ పిల్ల ఒంట్లో నెత్తురు లేకపోతే నష్టం ఎవరికి? ఆ బిడ్డకట!

రెండేళ్ళ క్రితం ఒక సంస్థవాళ్ళు కౌమార బాలికల రక్తహీనత మీద బొమ్మల పుస్తకం ఒకటి నా చేతికిచ్చి తెలుగు సరిచూసి పెట్టమన్నారు. బడుల్లో, హాస్టళ్ళలో పేజీలు తిప్పుతూ పాఠం చెప్పడానికి తయారుచేసిన పుస్తకం. తల్లి, గర్భిణి, కాన్పు, శిశువు - ఈ నాలుగింటిలో ఏదో ఒక మాట లేని పేజీ కోసం వెతుక్కోవలసి వచ్చింది. ‘ఆకలి’ అన్న మాట మాత్రం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఎక్కడా లేదు. ఒక బొమ్మలో తండ్రీ కొడుకూ కూర్చుని తింటున్నారు, తల్లి వడ్డిస్తోంది, ఆడపిల్ల మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆ బొమ్మ కింద శీర్షిక: ‘సమతుల ఆహారం’. ఇదేమిటండీ అని అడిగితే, “మీరు భాష ఒక్కటి చూడండి మేడమ్, విషయం డాక్టర్లు చూసుకున్నారు” అన్నారు. భాష వేరు, విషయం వేరు అనుకునేవాళ్ళతోనే నా తగువంతా. ఆ పుస్తకంలో భాషే విషయం. ఆడపిల్లని ఏమని పిలుస్తున్నావన్న దాన్నిబట్టే ఆమెకి ఏం చెప్తావు, ఏం దాస్తావు అన్నది తేలిపోతుంది.

అసలు ఈ ‘రక్తహీనత’ అన్న మాటే చూడండి. హీనత! జనం అలా అనరు. ‘నెత్తురు తక్కువుంది’ అంటారు. లేదా ‘రక్తం ఎనిమిది పర్సెంటే ఉందన్నారు’ అంటారు. డెసిలీటరుకు ఇన్ని గ్రాముల హిమోగ్లోబిన్ అన్న లెక్క నర్సమ్మ నోట పర్సెంట్ అయి కూర్చుంది. పన్నెండు ఉంటే సరిపోతుందని చెప్తే, “వందకి పన్నెండొస్తే పాసా మేడమ్?” అని ఒక తొమ్మిదో తరగతి పిల్ల నన్నడిగింది. క్లాసంతా నవ్వింది. కానీ ఆ పిల్ల ప్రశ్నలో పొరపాటేమీ లేదు. ఇది దేని మీద లెక్క, ఎందుకు పన్నెండు, నాకెంతుంది అన్నది ఆమెకి ఎవరూ విడమర్చి చెప్పలేదు. వేలికి సూది గుచ్చి, అంకె రిజిస్టర్లో రాసుకుని వెళ్ళిపోయారు.

నెత్తురు తక్కువైతే ఆ పిల్లకే ఏమవుతుంది? మెట్లెక్కితే ఆయాసం. నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం. కాళ్ళు లాగడం. చదివింది బుర్రకెక్కకపోవడం. బియ్యం బుక్కాలనిపించడం, బలపాలు నమలాలనిపించడం. దీనికి మన ఇళ్ళలో, బడుల్లో ఉన్న పేర్లు వేరు: బద్ధకం, మొద్దు, నిద్రమొహం, ‘పని చెప్తే చాలు నీరసం వచ్చేస్తుంది దీనికి’. కాస్త కలిగిన ఇంటి పిల్లయితే సుకుమారం అంటారు. మన సాహిత్యం ఆ సుకుమారాన్ని ఎంత ముద్దు చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పాలిపోయిన చెక్కిళ్ళు, అడుగు తీసి అడుగు వేస్తే అలసిపోయే నాయిక, చిన్న మాటకే మూర్ఛపోయే కథానాయిక. నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో ఆ వర్ణనలు చదువుతూ ఈవిడకి ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తే బాగుండును అనుకునేదాన్ని. వేళాకోళంగానే అనుకోండి. కానీ పాలిపోవడాన్ని అందంగా చూడటం నేర్చుకున్న కంటికి అది జబ్బుగా ఎప్పుడు కనబడుతుంది?

ఇక అంకెలు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తం తక్కువ. అంతకు ముందు 2015-16 సర్వేలో అది 54.1 శాతం. అంటే తగ్గలేదు, పెరిగింది. అదే వయసు అబ్బాయిల్లో 31.1 శాతం. వేలి చివర నుంచి తీసిన చుక్కతో లెక్క సరిగ్గా రాదని, నరం నుంచి తీయాలని నిపుణులు కొందరంటారు. అలా నరం నుంచి తీసి చూసిన 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో 10-19 ఏళ్ళ అమ్మాయిల్లో 40 శాతం, అబ్బాయిల్లో 18 శాతం అని తేలింది. సరే, తక్కువ అంకే తీసుకుందాం. అమ్మాయిలు అబ్బాయిలకి రెట్టింపు దాటి ఉన్నారు కదా! ఈ కొలత తగాదాలోనే ఆరో సర్వే నుంచి ఈ పరీక్షని తీసేసి, వేరే సర్వేకి అప్పగించారు. కొలిచే పద్ధతి మెరుగుపడితే మంచిదే. కానీ ఇరవై ఏళ్ళకు పైగా ఒకే గీత మీద చూస్తూ వచ్చిన లెక్క తెగిపోయింది. ఆడపిల్లల నెత్తురు పెరిగిందా తరిగిందా అని మునుపటితో పోల్చి అడిగే వీలు మనకి లేకుండా పోయింది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. కానీ ఎవరికోసం చేశాయో చూడండి. దేశంలో ఇనుము మాత్రల పథకం 1970లో మొదలైంది, గర్భిణులకీ బాలింతలకీ చిన్నపిల్లలకీ. కౌమారంలో ఉన్న పిల్లలకి వారానికో మాత్ర అన్నది దేశవ్యాప్త కార్యక్రమంగా రావడానికి 2012-13 దాకా, నలభై ఏళ్ళు పైగా పట్టింది. 2018లో ‘అనీమియా ముక్త్ భారత్’ వచ్చాక ఆ నీలం మాత్రలో ఉండేది 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి వచ్చింది: గర్భిణికీ బాలింతకీ అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు. మంచి పథకం, ఎవరూ కాదనరు. బడికి వెళ్ళే పిల్లకి పదో తరగతి దాకా మధ్యాహ్న భోజనమూ అందులో గుడ్డూ ఉన్నాయి. ఆ తర్వాత? ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. కానీ మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్ పిల్లలు పెద్దసంఖ్యలో ఉన్నది ప్రైవేటు కాలేజీల్లో, అపార్ట్‌మెంట్లలాంటి హాస్టళ్ళలో. తెల్లవారకముందే లేపి రాత్రి పది దాకా కూర్చోబెట్టే ఆ చోట్లకి వారం వారం నీలం మాత్ర వెళ్ళదు. ఆ కార్యక్రమం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకీ, బడి మానేసిన ఆడపిల్లలకీ. ఫీజు కట్టి చదివే పిల్లకి నెత్తురు ఉంటుందని ఎవరు చెప్పారో!

పదో తరగతితో చదువు ఆగిపోయి ఇంట్లో ఉన్న పదిహేడేళ్ళ పిల్ల సంగతి తీసుకోండి. ఆమెకి ప్రభుత్వం తరఫున రోజూ ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు దక్కాలంటే ఏం చేయాలి? కడుపుతో ఉండాలి. అయిదో సర్వే నాటికి 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఒక చేత్తో బాల్యవివాహం వద్దంటాం, ఇంకో చేత్తో కడుపు పండినదాని కంచంలోనే గుడ్డు పెడతాం. ఈ రెండు చేతులూ ఒకే మనిషివని ఎవరికీ తోచదు.

ఇంతకీ ఆ పుస్తకంలో ఏం తినమన్నారు? దానిమ్మ, ఆపిల్, ఖర్జూరం, బీట్‌రూట్. ఎర్రగా ఉన్నది నెత్తురు పట్టిస్తుందన్న నమ్మకం మన అమ్మమ్మలది, దాన్ని వెక్కిరించను. కానీ డాక్టర్లు చూసిన విషయం కదా ఇది! హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో చూస్తే వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా లేదు. దానిమ్మ గింజల్లో అందులో సగం కూడా లేదు. అదే సంస్థ పదహారేళ్ళు దాటిన పిల్లకి రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలంటుంది. అంతా దానిమ్మల్లోంచే తెచ్చుకోవాలంటే రోజుకు పది కిలోల గింజలు తినాలి! సజ్జల్లో వందకి ఆరు మిల్లీగ్రాములు పైన, రాగుల్లో నాలుగున్నర ఉంది. కానీ మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. నిమ్మకాయో ఉసిరికాయో తోడుంటే కొంచెం ఎక్కువ పడుతుంది, వెంటనే టీ తాగితే అదీ పోతుంది. బాగా పట్టేది మాంసంలో, కార్జంలో, నల్లలో ఉండే ఇనుము. నల్ల అంటే మేక నెత్తురు కూర, తెలంగాణ వాళ్ళకి వివరించక్కర్లేదు. నెత్తురు తక్కువైన పిల్లకి చెప్పే పాఠంలో నెత్తురు కూర బొమ్మ ఎందుకు లేదు? కార్జం ఎందుకు లేదు? పెద్దకూర మాట ఎత్తడానికే ఎందుకు భయం?

జవాబు మనందరికీ తెలుసు. ఆ బొమ్మల పుస్తకంలోని వంటింటికి కులం ఉంది. అదే పోషకాహార సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఈ మాట ఎప్పటినుంచో చెప్తూ వచ్చారు. పేదవాళ్ళకి తిండి లెక్కగట్టేటప్పుడు అతి చవగ్గా వచ్చే బియ్యమూ గోధుమా పప్పులతో సరిపెట్టి, గుడ్డు, పాలు, మాంసాలని పక్కకి నెట్టేశారని, ఆ లెక్కలో పై కులాల శాకాహార అలవాటు శాస్త్రంగా చెలామణీ అయిందని ఆమె విమర్శ. మాదిగ వాడలో పిల్ల ఇంట్లో తినేది బడిలో చెప్పుకోవడానికి సిగ్గుపడేలా చేసి, ఆమె ఎన్నడూ కొనలేని దానిమ్మని ఆమెకి చూపించడాన్ని ఆరోగ్య విద్య అంటున్నాం. ఆ పిల్ల నేర్చుకునేది ఒక్కటే, తన ఇంటి తిండి పాఠంలోకి ఎక్కదని.

పాలమూరు వైపు ఒక ఆడపిల్లల హాస్టల్లో మాత్రల రోజు కూర్చుని చూశాను. లైన్లో నిలబెట్టి తలా ఒకటి ఇచ్చారు. మింగినట్టే మింగి కొందరు కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఎందుకమ్మా అంటే ఒక పిల్ల, “గోళి ఏస్కుంటే కడుపుల తిప్పుతది మేడం” అంది. పొద్దున్నే ఏం తిన్నావంటే, “చాయ్ తాగిన” అంది. తిన్నాక వేసుకోవలసిన మాత్ర పరగడుపున, టీ మీద! కడుపులో తిప్పక ఏం చేస్తుంది? విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. అది చూసి భయపడి మానేసినవాళ్ళు ఇంకొందరు. చివర్లో ఒక అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది: “అక్కా, ఈ గోళీలు మింగితే పిల్లలు పుట్టరట గద?”

ఈ పుకార్లని మూఢనమ్మకాల ఖాతాలో రాసేయడం అధికారులకి తేలిక. నేనయితే దాన్ని ఆ గోడ మీది వాక్యంతో కలిపి చదువుతాను. ఆడపిల్ల ఒంటి గురించి మాట్లాడినప్పుడల్లా గర్భం గురించే మాట్లాడితే, ఆమెకి ఏం మింగించినా అది గర్భం కోసమే అయి ఉంటుందని ఆమె అనుకోదా? పుకారూ నినాదమూ కవల పిల్లలు. చదువులో నీ ధ్యాస నిలవడానికి, ఆటలో నీకు దమ్ము ఉండటానికి ఈ మాత్ర అని మొదటి రోజునుంచే చెప్పి ఉంటే ఆ భయానికి చోటెక్కడిది?

ఇంకో మౌనం ఉంది. నెలసరి శుభ్రత గురించి ఆ పుస్తకంలో మూడు పేజీలున్నాయి. శానిటరీ నాప్కిన్ ఎలా వాడాలి, ఎలా పారేయాలి, చేతులు ఎలా కడుక్కోవాలి. ఎంత నెత్తురు పోతుందో, ఎన్ని రోజులు పోతుందో అడిగిన వాక్యం ఒక్కటీ లేదు. ఒక మిల్లీలీటరు నెత్తురుతో దాదాపు అర మిల్లీగ్రాము దాకా ఇనుము పోతుంది. నెలకి 80 మిల్లీలీటర్లు దాటితే అది అధిక రక్తస్రావమని వైద్యశాస్త్రం చాలాకాలంగా చెప్తోంది. మిల్లీలీటర్లు ఎవరు కొలుస్తారు? గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చుకోవలసి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా, ఏడు రోజులు దాటుతోందా అని అడిగితే చాలు. అవునంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, దానికి మందుంది అని చెప్తే చాలు. ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే, ఓర్చుకోవాలి అని అమ్మలు చెప్పిందే ఆరోగ్య కార్యకర్తా చెప్పి వస్తే ఇక పాఠమెందుకు? మన దగ్గర నెలసరి ఇంకా మైలకి సంబంధించిన సంగతే. ఆ మైలని ‘శుభ్రత’ అన్న కొత్త మాటలోకి మార్చుకున్నాం, అంతే.

ఇలాగే వదిలేసినవి ఇంకా ఉన్నాయి. చెప్పుల్లేని కాళ్ళలోంచి ఎక్కే కొంకిపురుగులు, ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్. అన్ని రక్తహీనతలూ ఇనుము లోపం వల్లే రావు, పాలకూర తినలేదన్న నింద అన్నిటికీ వర్తించదు.

ఈ వాదన వినిపించినప్పుడు ఒక డాక్టర్ స్నేహితురాలు నాతో గట్టిగానే తగువు పెట్టుకుంది. “కాన్పులో నెత్తురు లేక చచ్చిపోయినవాళ్ళని నేను చూశాను, నువ్వు చూడలేదు. తల్లి అవుతుంది అంటేనే ఇంట్లోవాళ్ళు వింటారు. వినే మాట చెప్పొద్దంటావా?” అంది. ఆమె మాట తీసిపారేయదగింది కాదు. కాన్పులో చావు నిజం. ఇంట్లోవాళ్ళు ఆ మాటే వింటారన్నదీ నిజం. నా కోపం సరిగ్గా అక్కడే. ఆ మాట వింటారు కాబట్టి, పెళ్ళి కుదిరిన నెలలో ఆ పిల్లకి పాలు పోస్తారు. అప్పటిదాకా పోయరు. పెళ్ళి వద్దనుకున్న పిల్లకి, పిల్లలు వద్దనుకున్న పిల్లకి, పిల్లలు పుట్టని స్త్రీకి, ముట్లుడిగిన స్త్రీకి ఆ వాదనలో చోటు లేదు. అబ్బాయిల్లో కూడా మూడో వంతుకి నెత్తురు తక్కువే కదా, వాళ్ళకి రేపటి తండ్రి అని ఎవరైనా పాఠం చెప్తారా? వాడికి ఆకలేస్తోందని అన్నం పెడతారు. అమ్మాయికీ ఆ ఒక్క కారణం ఎందుకు చాలదు?

ఆరోగ్య విద్యే వద్దని నేననడం లేదు. మన ఉద్యమంలోంచే అలాంటి చదువు ఒకటి వచ్చింది. 1990ల మొదట్లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీల ఆరోగ్యం గురించి స్త్రీలే స్త్రీలతో మాట్లాడిన పుస్తకం. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చేసరికి కవిత్వమూ ఒంటి గురించి గొంతెత్తింది. నేను బడి మొహం కూడా సరిగ్గా చూడని రోజులవి. ఈ రెండూ చదివే నేను ఇటు వచ్చాను. కానీ తర్వాత తర్వాత మనం ‘దేహం’ అన్న మాటని సెమినార్‌కి తీసుకుపోయాం, దేహంలో ఉండే నెత్తురుని ఆరోగ్య శాఖకి వదిలేశాం. నా సిద్ధాంత వ్యాసంలో ‘దేహ రాజకీయాలు’ అన్న మాట ఎన్నిసార్లు రాశానో! కవిత్వంలో నెత్తురు ఏరులై పారుతుంది మనకి. కవిత్వం చదవడానికి వచ్చిన ఎమ్మే విద్యార్థిని క్లాసులో కళ్ళు తిరిగి పడిపోతే గ్లూకోజ్ బిస్కట్ ఇచ్చి ఇంటికి పంపిస్తాం.

పాఠం ఆడపిల్ల ఒక్కదానికే చెప్పడం ఎందుకు? తినవలసింది ఏమిటో ఆమెకి చాలావరకు తెలుసు. కంచంలోకి ఏం రావాలన్నది ఆమె చేతుల్లో లేదు. ముందు తినేది ఎవరు, కూరలో ముక్కలు ఎవరికి, గిన్నె అడుగున మిగిలేది ఎవరికి - ఈ పాఠం ఆమె అన్నకీ తండ్రికీ చెప్పాలి. అన్నానికి ముందు మాత్ర ఇవ్వద్దని హెడ్మాస్టర్‌కి చెప్పాలి. అన్నం తిన్న వెంటనే టీ పంచొద్దని హాస్టల్ వార్డెన్‌కి చెప్పాలి. అబ్బాయిలని బయటికి పంపించి, తలుపులేసి, ఆడపిల్లలకి మాత్రమే రహస్యంగా చెప్పే పాఠం ఇంటి పంక్తిని ఏమీ కదిలించదు.

ఈ పత్రిక చదివేవాళ్ళలో కొందరు పాఠ్యపుస్తకాల కమిటీల్లో ఉన్నారు, కొందరు యూనివర్సిటీ లేడీస్ హాస్టళ్ళకి వార్డెన్లుగా చేస్తున్నారు, కొందరి తెలుగుని ఇలాంటి పుస్తకాలు రాయడానికి సంస్థలు అడుగుతూనే ఉంటాయి. ఈసారి అడిగినప్పుడు భాష ఒక్కటే చూసి ఇచ్చేయకండి. ఆ గోడ మీది వాక్యంలోంచి ‘రేపటి తల్లి’ అన్న రెండు మాటలూ కొట్టేసి, అక్కడ ఆ పిల్లకి సంబంధించిన మాట ఏదైనా రాయమని అడగండి. దానిమ్మ పక్కన కార్జం బొమ్మ వేయమనండి. నీళ్ళ గ్లాసుతో నిలబడ్డ ఆ పిల్లని పంక్తిలో కూర్చోబెట్టమనండి. కుదరదంటే ఎందుకు కుదరదో కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితాలు ఇక్కడే అచ్చు వేద్దాం.